చిన్న విశ్వవిద్యాలయంలో జీవశాస్త్రం, జీవవైద్య శాస్త్రం: తరచుగా అడిగే ప్రశ్నలు

కొత్త విద్యా సంవత్సరం మొదలైనప్పుడల్లా మా విభాగం గుమ్మం దగ్గర అవే సందేహాలు వినిపిస్తాయి. కొన్ని విద్యార్థులవి, కొన్ని తల్లిదండ్రులవి, కొన్ని సగం చదువు పూర్తయ్యాక బెంగపట్టుకున్నవారివి. నేను చిన్న విశ్వవిద్యాలయంలోనే చదువుకున్నాను, ఇప్పుడు అటువంటి చోటే పాఠాలు చెబుతున్నాను. ఇక్కడి లోట్లూ లాభాలూ నాకు దగ్గరగా తెలుసు. ప్రశ్నలను అడిగినవారి మాటల్లోనే ఉంచి, చదువులోని దశల ప్రకారం పేర్చాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు.

## చేరకముందు

జీవశాస్త్రం తీసుకోవాలా, జీవవైద్య శాస్త్రం తీసుకోవాలా? అసలు తేడా ఏమిటి?

జీవశాస్త్రానికి ప్రాణమున్న ప్రతిదీ పాఠమే: మొక్కలు, పురుగులు, సూక్ష్మజీవులు, అడవులు, పరిణామం. జీవవైద్య శాస్త్రం మనిషి దేహం చుట్టూ తిరుగుతుంది: అవయవాల పనితీరు, వ్యాధులు, రోగనిరోధక వ్యవస్థ, మందులు, రక్త పరీక్షలు. ఒక బాక్టీరియా మందుకు లొంగడం లేదనుకోండి. ఆ మొండితనం దానికి ఎలా అబ్బింది, తోటి బాక్టీరియాలకు ఎలా పాకింది అని జీవశాస్త్ర విద్యార్థి అడుగుతాడు. ఈ రోగికి ఏ మందు పనిచేస్తుంది, దాన్ని ఎలా పరీక్షించి తేల్చాలి అని జీవవైద్య విద్యార్థి అడుగుతుంది. మొదటి ఏడాదిలో కణం, జన్యువు, జీవరసాయనం, గణాంకాలు రెండింటికీ దాదాపు ఒకటే. ఎటూ తేల్చుకోలేకపోతే మొదటి ఏడాది తర్వాత మారేందుకు వీలున్న కోర్సును ఎంచుకోండి.

చిన్న విశ్వవిద్యాలయంలో చేరితే వెనకబడిపోతానా?

ఈ ప్రశ్న అడిగేవారి గొంతులో భయం నాకు తెలుసు, ఎందుకంటే ఒకప్పుడు నేనూ అడిగాను. ముందు లోట్లు చెబుతాను. ఐచ్ఛిక కోర్సులు తక్కువ. కొన్ని ఏడాది విడిచి ఏడాది మాత్రమే నడుస్తాయి. రోగనిరోధక శాస్త్రం చెప్పే ఒకే ఒక్క అధ్యాపకురాలు వెళ్లిపోతే ఆ విషయమే కొంతకాలం మూతపడుతుంది. ఖరీదైన పరికరాలు ఉండవు.

ఇక రెండో వైపు. పెద్ద చోట పరిశోధన పనుల్లో ఎక్కువ భాగం పీహెచ్‌డీ విద్యార్థుల చేతుల్లో ఉంటుంది. డిగ్రీ విద్యార్థికి ఆ బల్ల దగ్గర చోటు దొరకడానికి చాలాకాలం పట్టవచ్చు. చిన్న చోట పరిశోధక విద్యార్థులు కొద్దిమందే, కొన్ని చోట్ల ఒక్కరూ ఉండరు. అధ్యాపకులకు పనిలో తోడు కావాలంటే డిగ్రీ విద్యార్థులే దిక్కు. డీఎన్‌ఏ ముక్కకు లెక్కలేనన్ని నకళ్లు తీసే పీసీఆర్ పెట్టేదీ మీరే, ఆ ముక్కలను పొడవు ప్రకారం విడదీసి చూపే జెల్ పోసేదీ మీరే, పాడైతే ఎందుకు పాడైందో వెతికేదీ మీరే. మూడేళ్లు అలా గడిపిన చేతికి వచ్చే నైపుణ్యం విని నేర్చుకునేది కాదు. అయితే ఆ అవకాశం వచ్చి మీ ఒళ్లో పడదు. తలుపు తట్టని విద్యార్థి చిన్న చోట నిజంగానే వెనకబడతాడు, ఎందుకంటే ఇక్కడ ఉన్న ప్రధానమైన లాభాన్నే వదులుకుంటున్నాడు.

చేరే ముందు విభాగాన్ని ఏమేమి అడగాలి?

భవనాల గురించి కాదు, పని గురించి అడగండి. ప్రయోగాల తరగతిలో ద్రవాలను కొలిచి పోసే ఒక పిపెట్‌ను ఎంతమంది పంచుకుంటారు? చివరి ఏడాది ప్రాజెక్టు అందరికీ ఉంటుందా, మార్కులు బాగా వచ్చినవారికేనా? కరపత్రంలో ఉన్న ఐచ్ఛిక కోర్సుల్లో గత రెండేళ్లలో నిజంగా నడిచినవి ఏవి? ఆసుపత్రి ల్యాబ్‌లో పని చేయాలన్నది మీ కోరికైతే, మీరు పని చేయదలచిన దేశంలోని వృత్తి సంఘం లేదా మండలి ఈ డిగ్రీని గుర్తిస్తుందా?

వీలైతే ల్యాబ్ చూపించమనండి. నమూనాలను వేగంగా తిప్పి వేరుచేసే సెంట్రిఫ్యూజ్ పక్కన వాడకం పుస్తకం ఒకటి వేలాడుతూ ఉంటుంది. అందులో చివరి సంతకం ఏ తేదీన పడిందో చూడండి. నిరుడు కొన్న మెరిసే యంత్రం మీద సంతకాలే లేకపోతే అది అలంకారం. అంచులు నలిగిపోయిన పుస్తకం, దాని నిండా విద్యార్థుల పేర్లు ఉంటే అక్కడ చదువు సాగుతున్నట్టే.

ఇది చదివితే డాక్టరు కావచ్చా?

ఈ డిగ్రీ ఒక్కదానితో కాలేరు. రోగులకు వైద్యం చేయాలంటే వైద్య విద్య వేరుగా చదవాలి. కొన్ని దేశాల్లో డిగ్రీ అయ్యాకే వైద్య కళాశాలలో చేరతారు, అక్కడ ఈ చదువు మంచి పునాది. వైద్య సీటు వచ్చేవరకు కాలక్షేపంగా మాత్రం దీన్ని తీసుకోకండి. మనసు వేరే చోట ఉన్న విద్యార్థికి ప్రయోగశాలలోని ఓపిక రాదు.

నాకు లెక్కలు రావు, రసాయన శాస్త్రమంటే భయం. నెగ్గుకురాగలనా?

రాగలరు, కానీ ఆ రెండింటినీ తప్పించుకుని మాత్రం కాదు. రోజూ అవసరపడే లెక్క ఇలా ఉంటుంది: మీ దగ్గర 5 మోలార్ (మోలార్ అంటే గాఢతకు కొలత) ఉప్పు ద్రావణం ఉంది, 0.15 మోలార్ ద్రావణం 100 మిల్లీలీటర్లు కావాలి. 0.15ను 100తో హెచ్చించి 5తో భాగిస్తే 3 వస్తుంది. 3 మిల్లీలీటర్లు తీసుకుని, మొత్తం 100 అయ్యేదాకా నీళ్లు కలపాలి. ఇది రోజుకు రెండు చొప్పున నెల రోజులు చేస్తే భయం పోతుంది. లాగరిథమ్ లేకుండా ఆమ్లత్వాన్ని చెప్పే పీహెచ్ అర్థం కాదు, గణాంకాలు లేకుండా ఏ ఫలితమూ తేలదు. రసాయన శాస్త్రం కూడా అంతే. డీఎన్‌ఏలో క్షారాలు జతకట్టేటప్పుడు ఎ, టిల మధ్య రెండు హైడ్రోజన్ బంధాలు, జి, సిల మధ్య మూడు. జి-సి జతలు ఎక్కువున్న డీఎన్‌ఏ పోగులు విడిపోవడానికి ఎక్కువ వేడి కావాలి. పీసీఆర్ యంత్రంలో ఉష్ణోగ్రత ఎంత పెట్టాలో నిర్ణయించేటప్పుడు ఆ రసాయన పాఠమే మీ ముందుకు వస్తుంది.

## మొదటి ఏడాది

అంతా బట్టీ పట్టాల్సిందేనా?

కొంత తప్పదు. అక్షరాలు రాకుండా పుస్తకం చదవలేం కదా, పేర్లూ అలాంటివే. కానీ గ్లూకోజును విరిచి శక్తి తీసే గ్లైకాలిసిస్‌లోని 10 మెట్లను వరసగా అప్పజెప్పినంత మాత్రాన అది మీ సొంతం కాదు. తెల్ల కాగితం మీద చూడకుండా గీయండి, తర్వాత ఏదైనా ఒక మెట్టును చెరిపేసి, ఇది ఆగిపోతే ఏమవుతుందని అడగండి. ఉదాహరణకు చివరి మెట్టులో పైరువేట్ కైనేజ్ అనే ఎంజైము పనిచేస్తుంది. ఎర్ర రక్త కణంలో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా ఉండదు, దాని శక్తి అంతా గ్లైకాలిసిస్ నుంచే రావాలి. కాబట్టి ఆ ఎంజైము లోపం పుట్టుకతో ఉన్నవారిలో ఎర్ర కణాలు త్వరగా చితికిపోయి రక్తహీనత వస్తుంది. ఇలా ఒక్కసారి ముడి పడితే ఆ మెట్టును ఇక మరచిపోలేరు.

పరిశోధన పత్రం తెరిస్తే ఒక్క ముక్క అర్థం కావడం లేదు. ఎలా చదవాలి?

మొదటి పేజీ నుంచి చివరి పేజీ వరకు వరసగా చదవకండి. ముందు శీర్షిక, సారాంశం చూసి, నేరుగా బొమ్మలకు వెళ్లండి. ప్రతి బొమ్మ దగ్గరా మూడు సంగతులు రాసుకోండి: ఏమి కొలిచారు, దేనితో పోల్చారు, ఎన్నిసార్లు చేశారు. ప్రయోగం ల్యాబ్ పళ్లెంలో పెంచిన కణాల మీద జరిగిందా, ఎలుకల మీదా, మనుషుల మీదా అన్నది తప్పక గుర్తించండి. పళ్లెంలో క్యాన్సర్ కణాలను చంపిన పదార్థాలు చాలా ఉన్నాయి, వాటిలో మందుగా మారినవి బహు కొద్ది. వారానికి ఒక పత్రం, ఇద్దరు మిత్రులతో కలిసి చదివితే ఒక సెమిస్టర్‌లో తేడా తెలుస్తుంది. విశ్వవిద్యాలయం చందా కట్టని పత్రికల గురించి దిగులు పడకండి. 2000లో మొదలైన పబ్‌మెడ్ సెంట్రల్‌లో లక్షల పత్రాలు ఉచితంగా దొరుకుతాయి. దొరకనిదానికి రచయితకు మర్యాదగా ఒక ఉత్తరం రాస్తే చాలామంది సంతోషంగా పంపుతారు.

రక్తం చూస్తే కళ్లు తిరుగుతాయి, జంతువులను కోయలేను. ఈ చదువు నాకు కాదా?

మీదే. కళ్లు తిరగడం పిరికితనం కాదు, రక్తపోటు ఒక్కసారిగా పడిపోవడం వల్ల జరిగేది. అలా అనిపించగానే కూర్చోండి, కాళ్ల కండరాలను, చేతుల కండరాలను కొన్ని క్షణాలు గట్టిగా బిగించి వదలండి, రక్తపోటు కాస్త నిలబడుతుంది. చాలామందికి క్రమంగా అలవాటవుతుంది. జంతువుల విషయంలో మీ అభ్యంతరాన్ని సెమిస్టర్ మొదట్లోనే అధ్యాపకులకు చెప్పండి. వీలైన చోట జంతువుకు బదులు మరొకటి వాడాలి, సంఖ్య తగ్గించాలి, బాధ తగ్గించాలి అనే మూడు సూత్రాలను రసెల్, బర్చ్ అనే శాస్త్రవేత్తలు 1959లోనే ప్రతిపాదించారు. ఈ రంగంలో వాటికి నేటికీ గౌరవం ఉంది. నమూనాలు, కంప్యూటర్ బొమ్మలతో పాఠం చెప్పే వీలు చాలా చోట్ల ఉంటుంది.

నాకు ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగా తెలియదు. ల్యాబ్ పని చేయగలనా?

చేయగలరు. వెలిగే రంగులతో తీసే ఫ్లోరెసెంట్ బొమ్మల్లో ఎరుపుకు బదులు మెజెంటా వాడితే సరిపోతుంది, రంగు మార్చడం కంప్యూటర్‌లో క్షణాల పని. బాక్టీరియాలను రంగు వేసి రెండు గుంపులుగా విడదీసే గ్రామ్ రంజనంలో ఊదా, గులాబీ రంగుల తేడా పట్టుకోవడం కష్టమైతే, ముందే జాతి తెలిసిన రెండు బాక్టీరియాలను అదే స్లైడు మీద పక్కన పెట్టి పోల్చండి. కొన్ని ఆసుపత్రి ల్యాబ్ ఉద్యోగాలకు వర్ణదృష్టి పరీక్ష ఉంటుంది, అటు వెళ్లాలనుకుంటే ఆ నిబంధనను ఇప్పుడే తెలుసుకోండి.

## ప్రయోగశాలలో

పిపెట్ పట్టుకుంటే చేయి వణుకుతుంది. నా కొలతలు ఎప్పుడూ తప్పుతున్నాయి.

బొటనవేలి కింద రెండు ఆగుళ్లు ఉంటాయి. మొదటి ఆగుడు దాకా నొక్కి, కొనను ద్రవంలో రెండు మూడు మిల్లీమీటర్లు మాత్రమే ముంచి, పిపెట్‌ను నిటారుగా పట్టుకుని, వేలిని మెల్లగా వదలండి. గబుక్కున వదిలితే బుడగ దూరుతుంది. పోసేటప్పుడు కొనను గొట్టం గోడకు ఆనించి, రెండో ఆగుడు దాకా నొక్కండి. ఇప్పుడు సున్నితమైన త్రాసు మీద చిన్న పాత్ర ఉంచి, 100 మైక్రోలీటర్ల నీళ్లు పదిసార్లు పోసి ప్రతిసారీ బరువు రాసుకోండి. గది ఉష్ణోగ్రతలో అది దాదాపు 100 మిల్లీగ్రాములు తూగాలి. అంకెలు అటూ ఇటూ ఊగుతుంటే తప్పు చేతిది. అన్నీ ఒకే వైపు సమానంగా తప్పితే పిపెట్‌ను కూడా అనుమానించి సరిచూపించండి. వణుకు రెండు వారాల్లో పోతుంది.

ప్రయోగం మళ్లీ మళ్లీ విఫలమవుతోంది. నాకు ఈ రంగం పనికిరాదేమో?

నా చివరి ఏడాదిలో మూడు వారాల పాటు జెల్ మీద ఒక్క గీత కూడా రాలేదు. నిచ్చెనలా కనిపించే కొలత డీఎన్‌ఏ మాత్రం పక్క వరసలో చక్కగా వెలిగేది, నా వరసలన్నీ చీకటి. ప్రతి సాయంత్రం ఏడుపు వచ్చేది. చివరికి ఒక సీనియర్ అక్క నన్ను కూర్చోబెట్టి, ఒక్కో ద్రావణాన్ని కొత్తదానితో మార్చి చూడమంది, ఒకసారికి ఒకటే. నాలుగో మార్పులో గీత వచ్చింది. పదిమంది తీసి, కరిగించి, మళ్లీ గడ్డకట్టించిన న్యూక్లియోటైడ్ల (డీఎన్‌ఏను కట్టే ఇటుకల) గొట్టమే కారణం. అప్పటినుంచి కొత్త గొట్టం రాగానే చిన్న చిన్న భాగాలుగా పంచి దాచడం నా అలవాటు.

మీరూ అలాగే చేయండి. ఒకేసారి మూడు మార్చితే ఏది పనిచేసిందో తెలియదు. తప్పక ఫలితం రావలసిన నమూనా ఒకటి, అసలు రాకూడని నమూనా ఒకటి ప్రతిసారీ పక్కన నడపండి. మొదటిది రాకపోతే పద్ధతిలో లోపం, రెండోది వస్తే ఎక్కడో కలుషితమైంది. ఈ రెండూ లేని విఫలం ఏమీ నేర్పదు.

మా దగ్గర పెద్ద పరికరాలు లేవు. లోతైన పని ఎలా చేయాలి?

ముందు ప్రశ్నను మీ దగ్గరున్న పరికరాలకు సరిపోయేలా మలచండి. ఈ. కోలై అనే బాక్టీరియా మంచి ఆహారంలో దాదాపు 20 నిమిషాలకు రెట్టింపవుతుంది. ఈస్ట్‌కు గంటన్నర చాలు. పండ్ల ఈగ 25 డిగ్రీల దగ్గర సుమారు పది రోజుల్లో ఒక తరం పూర్తి చేస్తుంది. సీ. ఎలిగాన్స్ అనే మిల్లీమీటరు పొడవున్న పురుగుకు మూడు నాలుగు రోజులు చాలు. ఆ పురుగు ఒళ్లంతా పారదర్శకం, ద్విలింగ జీవిలో నాడీకణాలు సరిగ్గా 302. మామూలు మైక్రోస్కోపు కింద పళ్లెం పెట్టి, అది ఒక వాసన వైపు జరుగుతోందా, వెనక్కి తగ్గుతోందా అని లెక్కపెడుతూ ప్రవర్తన మీద మంచి ప్రాజెక్టు చేయవచ్చు.

డీఎన్‌ఏ వరస చదివించడానికి నమూనాను బయటి ల్యాబ్‌కు పంపితే ఫలితం ఫైలుగా తిరిగి వస్తుంది. అణువుల బరువును కొలిచే మాస్ స్పెక్ట్రోమీటరు వంటి పరికరాలను కొన్ని పెద్ద సంస్థలు బయటివారికీ వాడుకోనిస్తాయి, మీ అధ్యాపకులతో అడిగించండి. ఇక పూర్తిగా ఉచితమైన గని మరొకటి ఉంది. ప్రోటీన్ డేటా బ్యాంక్ 1971లో 7 ప్రోటీన్ నిర్మాణాలతో మొదలైంది, నేడు అందులో 2 లక్షలకు పైగా ఉన్నాయి. ఆల్ఫాఫోల్డ్ అనే కృత్రిమ మేధ అంచనా వేసిన ప్రోటీన్ ఆకృతులు 20 కోట్లకు పైగా ఎవరికైనా తెరిచే ఉన్నాయి. వీటి ముందు పెద్ద విశ్వవిద్యాలయం విద్యార్థి, మీరు సమానం.

ల్యాబ్ నోట్‌బుక్‌లో ఏమి రాయాలి?

మీరు రేపు లేకపోయినా మరొకరు అదే ప్రయోగం చేయగలిగేంత. తేదీ, ఉద్దేశం, ద్రావణాల బ్యాచ్ సంఖ్యలు, అసలు ఏమి చేశారు, ఏమి కనిపించింది. తప్పు రాస్తే ఒక గీత కొట్టండి, చెరిపేయకండి. చిత్తు కాగితం మీద రాసి తర్వాత ఎక్కిద్దామనుకునే అలవాటు మొదటి రోజే మానండి.

భద్రత విషయంలో చిన్న ల్యాబ్‌లో ప్రత్యేకంగా ఏమి చూసుకోవాలి?

సిబ్బంది తక్కువ కాబట్టి రాత్రిపూట ఒంటరిగా పని చేయకండి. గ్లవ్స్ వేసుకున్న చేత్తో ఫోను, తలుపు పిడి ముట్టుకోకండి. బాక్టీరియా పళ్లేలను నేరుగా చెత్తలో వేయకూడదు. ఆవిరి ఒత్తిడితో సూక్ష్మజీవులను చంపే ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల దగ్గర కనీసం 15 నిమిషాలు, సంచి నిండుగా ఉంటే ఇంకా ఎక్కువసేపు ఉంచాలి. కంటిని కడిగే కుళాయి ఎక్కడుందో కళ్లు మూసుకుని కూడా చేరగలిగేలా తెలుసుకోండి.

## పరిశోధన, ప్రాజెక్టు

ల్యాబ్‌లో చేర్చుకోమని అధ్యాపకులను ఎలా అడగాలి? కాదంటారేమోనని భయం.

వారు రాసిన పత్రం ఒకటి చదివి, అందులో మీకు అర్థమైనదొకటి, అర్థం కానిదొకటి రాసుకుని వెళ్లండి. ‘వారానికి ఈ రెండు మధ్యాహ్నాలు నాకు ఖాళీ, గొట్టాలు కడగడం నుంచైనా మొదలుపెడతాను’ అని చెప్పండి. నా దగ్గరికి అలా వచ్చిన విద్యార్థిని నేను వెనక్కి పంపలేదు. చోటు లేకపోతే వచ్చే సెమిస్టర్‌కు పేరు రాసుకున్నాను. మొదటి ఏడాది చివర్లోనే అడగండి, చివరి ఏడాది దాకా ఆగితే నేర్చుకోవడానికే కాలం సరిపోతుంది.

డిగ్రీ విద్యార్థి చేసిన పనికి నిజంగా విలువ ఉంటుందా?

రెండు సంగతులు చెబుతాను. సూక్ష్మజీవశాస్త్రవేత్త థామస్ బ్రాక్‌తో కలిసి హడ్సన్ ఫ్రీజ్ అనే డిగ్రీ విద్యార్థి అమెరికాలోని యెల్లోస్టోన్ వేడినీటి బుగ్గల్లో ఒక బాక్టీరియాను వేరుచేశాడు. 1969లో దానికి థెర్మస్ ఆక్వాటికస్ అని పేరు పెట్టి ప్రచురించారు. మరుగుకు దగ్గరి వేడిని తట్టుకునే దాని ఎంజైమే తర్వాత పీసీఆర్‌ను ప్రపంచమంతటా సులభం చేసింది.

రెండోది ఇంకా దగ్గరిది. 2010లో దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో ఒక విద్యార్థిని కుళ్లిన వంకాయ అడుగు నుంచి బాక్టీరియాను చంపే వైరస్‌ను వేరుచేసింది, దానికి మడ్డీ అని పేరు పెట్టారు. అది ఏళ్ల తరబడి ఫ్రీజర్‌లో ఉంది. ఊపిరితిత్తుల మార్పిడి తర్వాత ఏ యాంటీబయోటిక్‌కూ లొంగని ఇన్ఫెక్షన్‌తో కొట్టుమిట్టాడుతున్న 15 ఏళ్ల రోగికి లండన్‌లో వైద్యులు మూడు వైరస్‌ల మిశ్రమం ఇచ్చారు. అందులో ఒకటి ఆ మడ్డీ. రోగి కోలుకున్న తీరు 2019లో ప్రచురితమైంది. మట్టి నమూనా తీసి, పళ్లెం మీద బాక్టీరియా చచ్చిన చోట కనిపించే చిన్న పారదర్శకమైన మచ్చ కోసం వెతకడానికి కావలసినవన్నీ చిన్న ల్యాబ్‌లో ఉంటాయి.

కంప్యూటర్ భాష నేర్చుకోవాలా? ఎక్సెల్ చాలదా?

నేర్చుకోండి, ఆర్ గానీ పైథాన్ గానీ ఒకటి చాలు. ఎక్సెల్ వల్ల వచ్చిన చిక్కు ఒకటి వినండి. సెప్ట్2 అనే జన్యువు పేరును అది సెప్టెంబర్ 2 అనే తేదీగా మార్చేస్తుంది. ఈ తప్పు ఎన్నో ప్రచురిత పట్టికల్లోకి పాకింది, చివరికి మానవ జన్యువుల నామకరణ సంఘం జన్యువు పేరునే సెప్టిన్2గా మార్చింది. కోడ్ రాస్తే మీరు ఏ మార్పు చేశారో ప్రతి అడుగూ నిలిచి ఉంటుంది.

డబ్బు కడితే వారంలో మీ పత్రం ప్రచురిస్తామని ఉత్తరం వచ్చింది. పంపనా?

వద్దు. రుసుము తీసుకునే మంచి పత్రికలూ ఉన్నాయి కాబట్టి డబ్బు ఒక్కటే గుర్తు కాదు. నిపుణుల పరిశీలన వారంలో ముగుస్తుందని ముందే మాట ఇవ్వడం అసలు గుర్తు. ఆ పత్రిక స్వేచ్ఛాప్రవేశ పత్రికల సూచిక డీఓఏజేలో ఉందా, మీ అధ్యాపకులు దాన్ని ఎప్పుడైనా చదివారా అని చూడండి. చెడ్డ చోట అచ్చయిన పనిని వెనక్కి తీసుకోవడం చాలా కష్టం.

## చివరి ఏడాది, ఆ తర్వాత

మా విశ్వవిద్యాలయం పేరు ఎవరికీ తెలియదు. పెద్ద చోట పరిశోధన సీటు వస్తుందా?

పేరు వల్ల కొన్ని తలుపులు ఆలస్యంగా తెరుచుకుంటాయి, అది నిజం. దాన్ని పూడ్చేది సిఫార్సు లేఖ. మూడు వందల మంది తరగతిలో పాఠం చెప్పినవారు ‘మంచి మార్కులు వచ్చాయి’ అని మాత్రమే రాయగలరు. మీ అధ్యాపకురాలు ‘నమూనాలు పాడైనప్పుడు ఈ విద్యార్థి తానే వచ్చి చెప్పింది, కారణం కనిపెట్టింది, మళ్లీ చేసింది’ అని రాయగలరు. అలాంటి లేఖను ఎంపిక చేసేవారు ఆగి చదువుతారు. కనీసం నెల ముందు అడగండి, మీ ప్రాజెక్టు వివరాలు ఒక పేజీలో రాసి ఇవ్వండి. ఒక వేసవి బయటి ల్యాబ్‌లో గడిపితే, మిమ్మల్ని వేరే కంటితో చూసిన మరొకరి లేఖ కూడా చేతిలో ఉంటుంది.

పరిశోధన వద్దు. వేరే ఉద్యోగాలు ఏమున్నాయి?

మందుల, ఆహార పరిశ్రమల్లో నాణ్యత పరీక్ష, క్లినికల్ ట్రయల్స్ నిర్వహణ, ఔషధ అనుమతుల పత్రాలు తయారు చేయడం, పేటెంట్లు, జీవ సమాచార విశ్లేషణ, బోధన, సైన్స్ రచన, పర్యావరణ సర్వేలు. జన్యు సలహాదారు కావాలంటే ప్రత్యేక పీజీ, ఆసుపత్రి ల్యాబ్‌లో చేరాలంటే చాలా దేశాల్లో నమోదు లేదా అదనపు శిక్షణ కావాలి.

పీజీ ఇక్కడే చేయాలా, మారాలా?

మారమనే చెబుతాను. మీ మీద ప్రేమ ఉన్న అధ్యాపకులు కూడా అదే చెబుతారు. ఒకే ల్యాబ్‌లో ఏళ్లు గడిపితే అక్కడి అలవాట్లే శాస్త్రమనిపిస్తాయి. ఇంటి బాధ్యతల వల్ల కదలలేకపోతే, కనీసం పర్యవేక్షకుల్లో ఒకరైనా బయటి సంస్థవారు ఉండేలా చూసుకోండి.

నా ప్రాజెక్టు అధ్యాపకురాలు మధ్యలో వెళ్లిపోతున్నారు. నా పని ఏమవుతుంది?

చిన్న విభాగాల్లో ఇది జరుగుతూనే ఉంటుంది, మీ తప్పు ఏమీ లేదు. వారు వెళ్లే ముందే ముగ్గురు కూర్చోవాలి: మీరు, వారు, విభాగాధిపతి. ఇకపై పర్యవేక్షణ ఎవరిది, మార్కులు ఎవరు వేస్తారు, పత్రం వస్తే పేర్లు ఎలా ఉంటాయి అన్నవి ఆ రోజే కాగితం మీద పెట్టించండి. తర్వాత నమూనాల సంగతి చూడండి. బాక్టీరియాను 20 శాతం గ్లిజరాల్‌లో కలిపి మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో రెండేసి గొట్టాలుగా దాచండి, వీలైతే రెండో గొట్టం వేరే ఫ్రీజర్‌లో ఉండాలి. చలికి చెరగని కలంతో పేరు, తేదీ రాయండి. ఏ అరలో, ఏ పెట్టెలో, ఏ గడిలో ఏముందో పటం గీసి ఫ్రీజర్ తలుపుకు అంటించండి, ఒక నకలు మీ దగ్గర ఉంచుకోండి.